లేని వ్యాసాన్ని వెతికిన మా సార్

మా సార్ పోయిన సంగతి వాళ్ళావిడ ఫోన్ చేసి చెప్పారు. అప్పుడు నేను మహదేవపుర దగ్గర, రింగ్ రోడ్డు మీద, ఎంతకీ కదలని కాలేజీ బస్సులో ఉన్నాను.

"మీ సారు పోయినారమ్మా. కాఫీ అడిగినారు. కలుపుకొని తెచ్చేలోపల పోయినారు" అన్నారామె. గొంతులో ఏడుపు లేదు. "నిదానంగా రా. ఇంక తొందరేముండాది" అన్నారు.

హొసకోటెలో వాళ్ళింటికి చేరేసరికి వాకిట్లో కుర్చీలు వేస్తున్నారు. లోపల ఆయన గదిలో ఆక్సిజన్ యంత్రం ఇంకా ఆడుతూనే ఉంది. గొట్టం చివర మంచం మీద పడి, ఎవరికోసమో సన్నగా ఊపిరి వదులుతోంది. ఇంటినిండా ఇంతమంది ఉన్నా దాన్ని ఆపాలని ఎవరికీ తోచలేదు. నేనే వెళ్ళి ఆపాను. ఆ చప్పుడు ఆగగానే ఇల్లంతా ఒక్కసారి నిశ్శబ్దమైపోయింది. ముందు గదిలో ఉన్న వాళ్ళావిడ అప్పుడు ఏడ్చారు.

ఆయన మాకు ఫార్మకాలజీ ప్రొఫెసరు. మందులు ఒంట్లో ఏం చేస్తాయో చెప్పే చదువు అది. కానీ నాలాంటి వాళ్ళందరికీ ఆయన గుర్తుండేది ఇంకో పాఠానికి. వైద్య పరిశోధన వ్యాసాలను వెతకడం ఆయన దగ్గరే నేర్చుకున్నాం. మీరు డాక్టరు దగ్గరికి వెళ్తారు, ఆయన ఒక మందు రాస్తారు. ఆ మందు వెనక ఎక్కడో ఎవరో చేసిన పరిశోధన ఉంటుంది, అది ఏదో వైద్య పత్రికలో వ్యాసంగా అచ్చయి ఉంటుంది. అలాంటివి లక్షల్లో ఉన్నాయి. వాటి వివరాలన్నీ కంప్యూటర్ డేటాబేసుల్లో చేర్చి పెడతారు. కావలసిన దాన్ని అందులోంచి పైకి తీయడం తేలికని అందరూ అనుకుంటారు. మేమూ అనుకున్నాం.

లైబ్రరీ పక్కన కంప్యూటర్ల గదిలో ఆయన మొదటి క్లాసు నాకు బాగా గుర్తుంది. మాలో ఒకడు ఒక మందు పేరు కొట్టి, తెర నిండా వచ్చిన ఫలితాలు చూసి, "చాలా దొరికాయి సార్" అన్నాడు.

"అన్నీ చదువుతావా?"

"లేదు సార్."

"మరి పైన ఉండే నాలుగు చదువుతావు. పైన ఉండేవే ఎందుకు పైన ఉండాయో తెలుసునా నీకు?"

వాడు తెలియదన్నాడు. సార్ కంప్యూటర్లు ఆపేయమని చెప్పి, మాకందరికీ తలా ఒక కాగితం ఇచ్చారు. రోగి ఎవరు, ఏ మందు ఇస్తున్నాం, ఇవ్వకపోతే ఏమిస్తాం, చివరికి ఆ రోగికి ఏది ముఖ్యం, ముందు అది రాయమన్నారు. "మిషను ముందర కూర్చునేది ఆఖర్న. నీకేం కావాల్నో ముందు నీకు తెలియాల కదప్పా" అన్నారు. ఆడైనా మగైనా, విద్యార్థి అయినా డీన్ అయినా, కాలేజీలో ఆయనకు అందరూ "అప్పా"నే.

ఒకే మందుకు ఒక్కో దేశంలో ఒక్కో పేరుంటుందని, ఒకే జబ్బును పాతకాలం వాళ్ళు ఒక మాటతో, ఇప్పటివాళ్ళు ఇంకో మాటతో పిలుస్తారని, వెతికేటప్పుడు అన్ని పేర్లూ ఇవ్వాలని చెప్పడానికి ఆయన బోర్డు మీద ఏమీ రాయలేదు. "మేము ముద్ద అంటాము. మీ సీమలో సంగటి అంటారు. కడుపులోకి పోయేది ఒకటే రాగి. మిషనుకు తెలుస్తుందా? ముద్ద అని అడిగితే సంగటి తిన్న వాళ్ళందర్నీ వదిలేస్తుంది. వదిలేసినట్ల నీకు చెప్పదు గూడా. అదే భయం."

ఆ చివరి మాట దగ్గర ఆయన నవ్వలేదు. అప్పటికి మాకు అందులో భయపడాల్సిందేమిటో అర్థం కాలేదు.

ఏడాది పొడుగునా స్వెట్టర్ వేసుకునేవారు. కీబోర్డును ముందు జేబురుమాలుతో తుడిచేవారు. వెతుకు అనే మీట నొక్కే ముందు ఒక్క క్షణం కళ్ళు మూసుకునేవారు. దేవుడికి దండం పెట్టుకుంటున్నారని మేం వెనక నవ్వుకునేవాళ్ళం. ఒకరోజు క్యాంటీన్‌లో ఒక కాఫీని ఇద్దరం బై టూ చేసుకుని తాగుతూ ధైర్యం చేసి అడిగేశాను. "ఏమొస్తే బాగుంటుందో మనసులో పెట్టుకొని నొక్కినావంటే అదే కనిపిస్తాది నీకు. సుమ్నే, ఊరికే ఒక నిమిషం ఏమీ అనుకోకుండా ఉండేదానికి కండ్లు మూసుకుంటాను" అన్నారు.

తెచ్చిన వ్యాసాలను దాచుకోవడం కూడా ఆయన పాఠమే. మూడు డేటాబేసుల్లో వెతికితే ఒకే వ్యాసం మూడుసార్లు వస్తుంది. దాన్ని ఒక్కటి చేయాలి, లేకపోతే ఒకే మనిషి మూడుసార్లు సాక్ష్యం చెప్పినట్టవుతుంది. అచ్చయిన తర్వాత తప్పని తేలి వెనక్కు తీసుకున్న వ్యాసాలుంటాయి. అవి కూడా మామూలు వాటిలాగే జాబితాలో కూర్చుని ఉంటాయి. "చచ్చిపోయినవాళ్ళ పేర్లు ఓటర్ల లిస్టులో ఉంటాయి చూడు, అట్ల" అనేవారు. ఇక అన్నిటికంటే పెద్ద నియమం, తెరిచి చదవని వ్యాసం పేరు ఎక్కడా రాయకూడదు. ఇంకొకరు రాశారు కదా అని అసలే రాయకూడదు.

రిటైరయ్యాక కూడా వారానికి కొన్ని రోజులు హొసకోటె నుంచి బస్సులో వచ్చేవారు. ఆస్పత్రి మందుల కమిటీలో సలహాదారుగా ఉండమని కాలేజీ అడిగింది. నేను అప్పటికి అదే విభాగంలో పాఠాలు చెబుతున్నాను. దగ్గు ఆ రోజుల్లోనే మొదలైంది. పొడి దగ్గు. మాట మధ్యలో వచ్చేది. చెయ్యి అడ్డం పెట్టుకుని, అది పోయాక ఎక్కడ ఆపారో సరిగ్గా అక్కడి నుంచే అందుకునేవారు.

వానలు ఆగకుండా పడుతున్న ఒక వారంలో కమిటీ ముందుకు ఆ చికిత్స ప్రోటోకాల్ వచ్చింది.

మెడిసిన్ వార్డును మామూలు మందులకు లొంగని ఒక క్రిమి పట్టుకుంది. ఒకరి తర్వాత ఒకరికి అంటుకుంటోంది. ఇద్దరు ముసలివాళ్ళు పోయారు కూడా. ఆ క్రిమి మీద ఒక పాత ఇంజక్షన్ మాత్రం పనిచేస్తోంది. ఆ ఇంజక్షన్‌తో చిక్కు ఏమిటంటే, మోతాదు మించితే అది మూత్రపిండాలనూ చెవిలోపలి నరాన్నీ దెబ్బతీస్తుంది. కిడ్నీలు ముందే బలహీనంగా ఉన్నవాళ్ళకు బాగా తగ్గించి ఇవ్వాలి. తగ్గిస్తే క్రిమి చావదు. వార్డులో కార్తీక్ అని కర్నూలు వైపు కుర్రడాక్టరు ఉన్నాడు, రోగులంటే ప్రాణం పెట్టేవాడు. అతను తంటాలు పడి ఒక దారి కనిపెట్టాడు. ఇంజక్షన్‌తో పాటు ఫలానా మాత్ర ఇస్తే చెవులకూ కిడ్నీలకూ రక్షణ ఉంటుంది, కాబట్టి మోతాదు తగ్గించనక్కర్లేదు అని కాగితం తయారుచేసి కమిటీకి పంపాడు. ఆ మాటకు ఆధారంగా అడుగున ఒకే ఒక్క వ్యాసం పేరు ఇచ్చాడు.

సార్ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఆ పేరు కొట్టారు. కళ్ళు మూసి తెరిచారు. ఏమీ రాలేదు.

అక్షరాలు సరిచూసి మళ్ళీ కొట్టారు. రచయిత పేరుతో వెతికారు. ఆ రచయిత ఉన్నాడు, వేరే దేశంలో పెద్ద డాక్టరే, ఆ ఇంజక్షన్ మీద చాలా రాశాడు. కానీ ఈ వ్యాసం మాత్రం లేదు. ఇంకో డేటాబేసుకు వెళ్ళారు. అక్కడా లేదు. పత్రిక పేరుతో వెళ్ళి, ఆ ఏడాది సంపుటం తెరిచి, ఆ పుట దగ్గరికి వెళ్ళారు. పత్రిక నిజమే. సంపుటం నిజమే. ఆ పుటలో మోకాలి ఎముక విరిగితే కట్టు ఎలా కట్టాలో రాసి ఉంది.

ఆయన కుర్చీ వెనక్కి జరిపారు.

"ఈ మోతాదు ఎవరికన్నా మొదలు పెట్టినారా?"

కమిటీ ఒప్పుకోకముందే మొదలుపెట్టరని నా నమ్మకం. అయినా వార్డుకు ఫోన్ చేశాను. కార్తీకే తీశాడు. గొంతు సంతోషంగా ఉంది. "ఎమర్జెన్సీ అని యూనిట్ చీఫ్ పర్మిషన్ తీసుకుని ఒక పేషెంట్‌కి స్టార్ట్ చేశాం మేడమ్. సూపర్ రెస్పాన్స్. ఫీవర్ మొత్తం డౌన్."

సార్ అప్పటికే లేచి నిలబడ్డారు.

మెట్ల మలుపు దగ్గర ఊపిరి అందక ఆగారు. లిఫ్టులో వెళ్దామన్నాను. చెయ్యి ఊపి, గోడ పట్టుకుని ఎక్కారు. ఆయన ఊపిరి చప్పుడు నాకు వినిపించడం అదే మొదలు. ఎండుటాకులు నలిపినట్టుగా ఉంది.

ఆ రోగి పేరు రామలక్ష్మి. కదిరి దగ్గరి పల్లె. బెళ్ళందూరులో అపార్ట్‌మెంట్లు కట్టేచోట ఇటుకలు, సిమెంటు మోసే పని. నలభై దాటి ఉండవు. కిడ్నీలు ఎప్పటినుంచో బాగాలేవు, ఆమెకు తెలియదు. మేం వెళ్ళేసరికి లేచి కూర్చుని ఇడ్లీ తింటోంది. భర్త నారాయణ పక్కన స్టూలు మీద ఉన్నాడు. చూసినవాళ్ళెవరైనా ఈమెకు బాగైపోయిందనే అంటారు.

"ఎట్లుండావమ్మా?" అని అడిగారు సార్.

ఆమె ఇడ్లీ వైపే చూస్తోంది. నారాయణ ఆమె భుజం తట్టాడు. తలెత్తి, సార్‌ని చూసి, వార్డంతా వినిపించేంత గట్టిగా, "బాగుండా సార్!" అంది. అవతలి మంచాలవాళ్ళు ఇటు తిరిగారు.

సార్ నారాయణ వైపు చూశారు. "ఎప్పుడూ ఇంత గట్టిగా మాట్లాడుతుందా?"

"లేదు సార్. రెండు దినాలాయ ఇట్ల. పిలిస్తే పలకడంల్యా. జరమొచ్చి నీరసానికి అట్లుందేమో అనుకుంటి."

సార్ మంచం మీద కూర్చుని, తన చెవి చూపించి, ఎలా ఉందని చేత్తోనే అడిగారు. ఆమె ముఖంలో ఏదో మారింది. ఎవరైనా అడుగుతారని ఎదురుచూసినట్టుంది. "ఒకటే గుయ్యిమంటాంది సార్. బోరు ఏసేటప్పుడు వస్తాది చూడు, ఆ సద్దు. రాత్రి పగలూ నిలబడదు. ఎవురన్నా బయట బోరేస్తాండారా సార్?"

ఎవరూ బోరు వేయడం లేదు.

కార్తీక్ నవ్వుతూ వచ్చాడు. మా ముఖాలు చూసి ఆగాడు. సార్ అతన్ని పక్కకు తీసుకెళ్ళారు. కోప్పడలేదు. "ఆ వ్యాసం తెరిచినావా అప్పా?" అని మాత్రం అడిగారు.

"సర్, అది రివ్యూలో ఉంది సర్. పబ్లిష్డ్ రివ్యూ. మంచి జర్నల్. అందులోంచే తీసుకున్నా. ఒరిజినల్ ఓపెన్ చేద్దామని ట్రై చేశా, లింక్ రాలేదు. సర్వర్ ప్రాబ్లమ్ అనుకున్నా."

"సర్వరు బాగుండాది. ఆ వ్యాసమే లేదు."

"లేదంటే... సర్, విత్‌డ్రా చేశారా?"

"ఎప్పుడూ లేదప్పా. ఎవురూ రాయలేదు దాన్ని."

కార్తీక్ ఒకసారి రామలక్ష్మి మంచం వైపు చూశాడు. అతని చేతిలో ఆమె కేసు షీటు ఉంది. "ఇంజక్షను ఆపు ముందర. మిగిలినది తర్వాత మాట్లాడదాము" అన్నారు సార్. "ఆపితే ఇన్ఫెక్షన్ మళ్ళీ వస్తుంది సర్" అన్నాడు కార్తీక్. "వస్తుందేమో. వస్తే చూద్దాము. నేను ఈడనే ఉంటాను" అన్నారు.

జ్వరం మళ్ళీ వచ్చింది. తక్కువ పనిచేసే ఇంకో రెండు మందులు కలిపి ఇచ్చారు. కొన్నాళ్ళు ఆమె అటూ ఇటూ ఊగింది. మూత్రం తగ్గిపోయింది, డయాలసిస్ పెట్టారు. నారాయణ వరండాలో మేం ఎప్పుడు కనబడినా లేచి నిలబడేవాడు, ఏమీ అడిగేవాడు కాదు. చివరికి జ్వరం దిగింది. కిడ్నీలు కొంత కోలుకున్నాయి. బతికింది. వినికిడి మాత్రం తిరిగి రాలేదు. పరీక్ష చేసిన చెవుల డాక్టరు కాగితం మీద గీత గీసి చూపించాడు. మొదట సన్నటి శబ్దాలు పోయాయి, కుక్కర్ విజిల్, ఫోన్ మోత లాంటివి. ఆ గీత ఇంకా కిందికి జారుతోందని చెప్పాడు.

ఆ వ్యాసం ఎక్కడి నుంచి వచ్చిందో సార్ వెతకడం మొదలుపెట్టారు. కార్తీక్ చూసిన రివ్యూ, అంటే ఇతరుల వ్యాసాలన్నీ కలిపి సమీక్షించే వ్యాసం, రాసినవాళ్ళకు మెయిల్ పెట్టారు. వాళ్ళు ఇంకో వ్యాసంలోంచి తీసుకున్నామన్నారు. ఆ ఇంకో వ్యాసంవాళ్ళు జవాబే ఇవ్వలేదు. ఆఖరికి ఎవరి పేరు మీద అది ఉందో ఆ పరదేశపు డాక్టరుకే రాశారు. మర్నాడే జవాబు వచ్చింది. నేను అలాంటి పరిశోధన చేయలేదు, ఈ సంగతి నన్ను ఇంతకుముందే ఇద్దరు అడిగారు అని ఉంది.

సార్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"ఇద్దరు అడిగినారంట" అన్నారు. "అంటే ఇంకా రెండు ఊర్లలో..."

ఆ మాట పూర్తిచేయలేదు. దగ్గు రాలేదు, ఊరికే ఆగిపోయారు.

ఒక అనుమానంతో నేను ఆయన ఎదురుగానే ఫోన్ తీసి, ఇప్పుడు పిల్లలందరూ వాడే ఒక ఏఐని అడిగాను. ఈ ఇంజక్షన్‌తో చెవులు పోకుండా ఏమివ్వాలి అని. మర్యాదగా, తడుముకోకుండా జవాబిచ్చింది. అదే మాత్ర. అడుగున అదే వ్యాసం పేరు, అదే సంపుటం, అదే పుట. సార్ నా చేతిలోంచి ఫోన్ తీసుకుని దగ్గరగా పెట్టుకుని చదివారు.

"దీనికెవరు చెప్పినారు?"

"ఆ రివ్యూలు చదివి నేర్చుకుని ఉండొచ్చు సార్. లేకపోతే, ముందు ఇలాంటి ఏఐ ఒకటి కల్పించి చెప్తే, రివ్యూ రాసినవాళ్ళు నమ్మి రాసి ఉండొచ్చు."

"ఏది ముందో తెలుస్తుందా?"

"తెలియదు సార్."

ఫోన్ తిరిగిచ్చేశారు. "పుట్టని బిడ్డకి మనవళ్ళు పుట్టినారప్పా" అన్నారు. "ఇంక దీన్ని ఎవురు చంపాల."

అప్పటి నుంచి ఆయన అదే పనిగా కూర్చున్నారు. ఆ పేరు ఏ కొత్త వ్యాసం అడుగున కనిపించినా తనకు మెయిల్ వచ్చేలా డేటాబేసులో అలర్ట్ పెట్టుకున్నారు. వచ్చినప్పుడల్లా ఆ పత్రిక సంపాదకుడికి రాసేవారు. మర్యాదగా, క్లుప్తంగా, తను ఎక్కడెక్కడ ఎలా వెతికారో చెప్పి, ఒక రోగికి ఏమైందో చివర రెండు వాక్యాల్లో రాసేవారు. కార్తీక్ చదివిన రివ్యూను ఆ పత్రిక సవరించింది. నేను సంబరపడి ఫోన్ చేశాను. "సవరణ చిన్నక్షరాల్లో ఉండాది. అంతకుముందు చదివి పోయినవాళ్ళు మళ్ళీ వెనక్కి వచ్చి చూస్తారా?" అన్నారు.

ఆయన ఊపిరితిత్తులు గట్టిపడిపోతున్నాయని అప్పటికే తేలింది. బస్సులో రావడం మానేశారు. నేనే హొసకోటె వెళ్ళేదాన్ని. పాత మద్రాసు రోడ్డు మీద లారీలు పోతుంటే కిటికీ అద్దాలు గలగలలాడేవి. ముక్కుకు గొట్టం, ఒళ్ళో లాప్‌టాప్, అదే స్వెట్టర్.

"ఈ మనిషి ఆ డబ్బా మూసేది లేదు. నువ్వన్నా చెప్పమ్మా" అనేవారు వాళ్ళావిడ.

"ఆమె చెప్తే నేను వింటానా? ఆమెకి పాఠం చెప్పినోణ్ణి నేను" అనేవారు ఆయన. ముగ్గురం నవ్వేవాళ్ళం. నవ్వితే ఆయనకు ఊపిరి చాలేది కాదు. అందుకని తర్వాత తర్వాత నవ్వు తెప్పించే మాటలు నేనే మానుకున్నాను.

ఒక మధ్యాహ్నం ఉండబట్టలేక అడిగాను. "సార్, మీ జబ్బు గురించి వెతికారా?"

కిటికీ వైపు చూశారు. "చూసినాను. ఒక్కసారి." ఒక లారీ పోయేదాకా ఆగి, "బాగా వెతికేది నేర్చుకున్నాము కదప్పా. బాగా వెతికితే ఉండేదే దొరుకుతుంది. అదే బాధ" అన్నారు. ఆ తర్వాత ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

ఇంకా నడవగలిగిన రోజుల్లోనే ఒకసారి నన్ను బెళ్ళందూరు తీసుకెళ్ళమన్నారు. చిన్న ఆక్సిజన్ సిలిండర్ కారులో పెట్టుకుని వెళ్ళాం. సగం లేచిన టవర్ల కింద రేకుల షెడ్లు. రామలక్ష్మి గుర్తుపట్టి లోపలికి రమ్మంది. కూర్చోవడానికి ప్లాస్టిక్ కుర్చీ తుడిచి వేసింది. ఆమెను పనిలోంచి తీసేశారని నారాయణ చెప్పాడు.

"మేస్త్రీ మంచోడే సార్. పైనుంచి ఏదన్నా జారితే తప్పుకోమని అరుస్తాం, ఈమెకు ఇనపడదు, రేపు ఏమన్నా అయితే ఎట్ల అంటాండాడు. ఆయప్పదీ తప్పు కాదు కదా."

రామలక్ష్మి మా పెదవుల వైపు మార్చి మార్చి చూస్తోంది. ఏం మాట్లాడుకుంటున్నామో తెలిసినట్టే తల ఊపుతోంది. ఆ తల ఊపడం సార్ చూడలేకపోయారు. కాలేజీ ఆస్పత్రిలో రోగుల భోజనాలు వండే చోట ఆమెకు పని ఇప్పించే మాట ఆయన ఆ రోజే ఫోన్‌లో మాట్లాడారు, నెల తిరగకముందే అయ్యింది. కానీ తిరుగు దారిలో, ట్రాఫిక్‌లో ఆగినప్పుడు, "కమిటీకి పంపకముందే ఆ పిల్లోడు నన్ను ఒక మాట అడిగి ఉంటే" అన్నారు. కాసేపటికి, "అడిగేంత దగ్గరగా నేను ఉండాల్సింది" అని తనే దిద్దుకున్నారు. కార్తీక్ మీద ఆయన కోపం పెట్టుకోలేదు. అతను ఆదివారాలు హొసకోటె వచ్చి ఆయన ఎదురుగా కూర్చుని వెతకడం మొదటి నుంచి నేర్చుకున్నాడు. సార్ పాడె మోసిన నలుగురిలో అతనొకడు.

ఇప్పుడు ఆ అలర్ట్ నా మెయిల్‌కు వచ్చేలా మార్చుకున్నాను. ఆయన పోయిన తర్వాత ఒకటి వచ్చింది. ఎక్కడో దూరదేశపు పత్రిక. అందులో ఆ లేని వ్యాసం పేరు చెప్పి ఊరుకోలేదు, ఆ ఫలితాలను తమ ఆస్పత్రిలో కూడా గమనించామని రాశారు. ఎవరి చెవుల మీద గమనించారో రాయలేదు. ఆయన రాసే పద్ధతిలోనే నేను సంపాదకుడికి రాశాను. ఇంతవరకు జవాబు లేదు. క్లాసులో పిల్లలకు ఆయన చెప్పినట్టే ముందు కాగితం ఇస్తున్నాను. రాస్తారు, మంచి పిల్లలే. బల్ల కింద ఫోన్లు వెలుగుతుంటాయి. వాళ్ళ ముఖాల మీద ఆ నీలం వెలుగు పడటం నాకు ఇక్కడి నుంచి కనిపిస్తూనే ఉంటుంది.

పోయిన వారం వంట పని అయ్యాక రామలక్ష్మి చెవుల పరీక్షకు వచ్చింది. నారాయణ తోడు వచ్చాడు. వరండాలో నన్ను చూసి ఆగి, "పెద్ద సారు యాడ? శానా దినాలాయ కనపడి" అంది, తన గొంతు తనకు తెలియని ఆ పెద్ద గొంతుతో.

"సార్ లేరమ్మా" అన్నాను.

"ఆ?"

"సార్ పోయారు."

చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని ఇంకొంచెం దగ్గరికి వచ్చింది. "యాడికి పోయినారు?"

నారాయణ తల దించుకున్నాడు. చేత్తో ఎలా చెప్పాలో నాకు తోచలేదు. వరండా నిండా రోగులు, వాళ్ళవాళ్ళు, ట్రాలీలు తోసుకుంటూ పోయేవాళ్ళు. నేను గొంతెత్తి అరిచాను. "సార్ చచ్చిపోయారు!"

అందరూ తిరిగి చూశారు. ఒక పసిపిల్ల ఏడుపు లంకించుకుంది. రామలక్ష్మి నా పెదవుల వైపే చూస్తూ నిలబడింది. ఆ మాట ఆమెలోకి దిగడం నాకు కనిపించింది. నా చెయ్యి పట్టుకుని, కొంగుతో నా ముఖమే తుడిచింది.

వాళ్ళిద్దరూ బయటికి వెళ్తుంటే మెట్ల మీద నిలబడి చూశాను. గేటు దాటి రోడ్డు మీదికి దిగారు. నారాయణ బస్సు కోసం చెయ్యి ఊపుతూ నాలుగడుగులు ముందుకు పోయాడు. ఆమె వెనకగా వస్తోంది. ఆమె వెనక ఒక నీళ్ళ ట్యాంకర్, మా కిటికీలు కూడా అదిరేలా హారన్ కొట్టుకుంటూ వస్తోంది. రోడ్డు మీద అందరూ పక్కకు జరిగారు. ఆమె ఒక్కతే, తల వంచుకుని, ఏదో ఆలోచించుకుంటూ, నెమ్మదిగా నడుస్తూనే ఉంది.